సరుగుడు తోటలో దొరికింది పుట్టకొక్కు కాదండీ

సూర్యలంక దగ్గర ఇసుక దిబ్బల వెనక సరుగుడు తోటలో, గడ్డి మధ్య దొరికిన తెల్ల పుట్టగొడుగు, చెదపుట్టల మీద మొలిచే, కూరకు పనికొచ్చే పుట్టకొక్కేనా, కూర వండుకోవచ్చా అని అడిగారు. దయచేసి వండకండి.

మీ ఫొటోలో గొడుగు మీద గోధుమరంగు పొలుసులున్నాయి, కాడకు ఉంగరంలాంటి పట్టీ ఉంది. బాగా విచ్చుకున్నదాని అడుగు రేకులు ఆకుపచ్చకు తిరుగుతున్నాయి. నాకైతే ఇది క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్ అనే విషజాతే అనిపిస్తోంది. తింటే 1 నుంచి 3 గంటల్లో వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

ఒక పరీక్ష చేయండి. కాడ కోసేసి, గొడుగును రేకులు కిందికి ఉండేలా తెల్లకాగితం మీద పెట్టి, గిన్నె బోర్లించి రాత్రంతా వదిలేయండి. పొద్దున కాగితం మీద రేకుల గీతల్లాగే పొడి రాలి ఉంటుంది. అది బూడిదరంగు కలిసిన ఆకుపచ్చగా ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. పుట్టకొక్కు పొడి లేత గులాబీ రంగులో ఉంటుంది, తవ్వితే కాడ వేరులా చెదపుట్టలోకి దిగి ఉంటుంది.

పుట్టగొడుగులతో కలిపి వండినప్పుడు వెల్లుల్లి నల్లబడితేనే అవి విషం అనే మాట అస్సలు నమ్మకండి. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే తిని ఉంటే, మిగిలిన ముక్క కూడా పట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.