యూకే రీవాలిడేషన్: డిప్రెషన్‌కి మందులు వాడుతూ హెల్త్ డిక్లరేషన్ ఇవ్వొచ్చా?

డిప్రెషన్‌కి మందులు వాడుతూ ఎన్‌ఎంసీ (యూకేలో నర్సుల రిజిస్ట్రేషన్ చూసే సంస్థ) రీవాలిడేషన్ ఫారంలో, అంటే రిజిస్ట్రేషన్ కొనసాగించుకోవడానికి నింపే ఫారంలో, ఆరోగ్యం బాగుందని టిక్ పెడితే అబద్ధమవుతుందేమోనని మీరు ఆగిపోయింది, ఆ ప్రశ్నని "జబ్బు ఉందా" అని చదవడం వల్ల. వాళ్లు అడిగేది, పనిలో సర్దుబాట్లతో అయినా సరే, రోగులకి హాని లేకుండా డ్యూటీ చేయగలరా అని. చికిత్స తీసుకుంటూ బాగా పనిచేస్తున్న నర్సు నిజాయితీగా అవునని చెప్పొచ్చు. ఫారం కోసమని మందులు మాత్రం మానకండి, దయచేసి.

1. ముందు ఆక్యుపేషనల్ హెల్త్‌కి (ఉద్యోగుల ఆరోగ్యం చూసే విభాగం) వెళ్లండి. చాలామంది వదిలేసేది ఇదే. వార్డు మేనేజర్‌కి నోటిమాటగా చెప్పి ఊరుకుంటారు, ఆ మేనేజర్ మారిపోయాక చెప్పినట్టు ఆధారమే ఉండదు. నైట్ డ్యూటీలు తగ్గించడం లాంటి సర్దుబాట్లు ఏవైనా సరే రాతపూర్వకంగా తీసుకుని, ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.

2. కన్ఫర్మర్‌కి, అంటే మీరు రీవాలిడేషన్ షరతులు పూర్తి చేశారని ధ్రువీకరించే వ్యక్తికి, జబ్బు సంగతి చెప్పక్కర్లేదు. వాళ్లు చూసేది 450 గంటల ప్రాక్టీసు, 35 గంటల సీపీడీ (వృత్తిలో కొత్తవి నేర్చుకోవడం), ఫీడ్‌బ్యాక్, రిఫ్లెక్షన్లు (మీ పని గురించి ఆలోచించి రాసుకున్నవి). హెల్త్ డిక్లరేషన్ బాధ్యత మీ ఒక్కరిదే.

3. ప్రస్తుతం నిజంగానే డ్యూటీ చేయలేకపోతుంటే టిక్ పెట్టకుండా గడువుకి ముందే ఎన్‌ఎంసీతో మాట్లాడండి. గడువు దాటి రిజిస్ట్రేషన్ పోతే నర్సుగా పనిచేయడానికి వీల్లేదు.

పోలీసు కాషన్ (అధికారిక హెచ్చరిక), ఛార్జ్ (నేరారోపణ) లాంటివి ఉంటే అది వేరే సంగతి, రీవాలిడేషన్ దాకా ఆగకుండా వీలైనంత త్వరగా ఎన్‌ఎంసీకి చెప్పాలి.