నిర్వాణం, నిర్యాణం ఒకటేనా?

సందేహం: బుద్ధపూర్ణిమ వ్యాసాల్లో ‘బుద్ధుడు కుశీనగరంలో నిర్వాణం చెందాడు’ అని కొందరు, ‘నిర్యాణం చెందాడు’ అని కొందరు రాశారు. రెండూ చావుకు మర్యాద మాటలేనా? ఆయన ఇల్లు వదలడాన్ని సన్న్యాసం అనకుండా ‘మహాభినిష్క్రమణం’ అని ఎందుకంటారు?

సమాధానం: రెండూ ఒకటి కావు. ‘యా’ అంటే వెళ్లడం. యానం, ప్రయాణం అక్కడివే. నిర్యాణం అంటే వెళ్లిపోవడం కాబట్టి పెద్దలు పోయినప్పుడు ఆ మాట రాయడం సరైనదే. నిర్వాణం ‘వా’ (గాలి వీచడం) ధాతువు నుంచి వచ్చింది. నిర్వాణానికి ఆరిపోవడం అని అర్థం. గాలి ఆగిపోతే ‘నిర్వాతం’ అనాలి తప్ప నిర్వాణం అనకూడదని పాణిని ‘నిర్వాణోఽవాతే’ అనే సూత్రమే చేశాడు. సంస్కృత నిఘంటువు అమరకోశం నిర్వాణ శబ్దాన్ని మునికీ అగ్నికీ చెప్పింది. మునిని నిప్పు పక్కన నిలబెట్టిన ఆ శ్లోకపాదం ఎంత లోతైనదో!

మరి ఆరిపోయేదేమిటి? ప్రాణం కాదు, రాగద్వేషమోహాలు. సిద్ధార్థుడు బోధగయలో 35వ ఏట నిర్వాణం పొందాడు. ఆ తర్వాత 45 ఏళ్లు ఊరూరా తిరిగి బోధించాడు. నిర్వాణమంటే మరణమే అయితే ఆ 45 ఏళ్లూ ఏమైనట్టు? శరీరం మాత్రం దాని దారిన అది ముసలిదైపోయింది. పాతబడ్డ బండిని కట్లు కట్టి లాగిస్తున్నట్టు ఈ ఒంటిని నడుపుతున్నానని 80వ ఏట ఆయనే శిష్యుడు ఆనందుడితో అన్నాడు. దేహం అనిత్యమని చెప్పినవాడు తన దేహాన్ని మినహాయించుకోలేదు. బౌద్ధంలో నన్ను బాగా కదిలించే చోటు ఇదే. కుశీనగరంలో ఆ ఒళ్లూ రాలిపోయింది. ఆ ఘట్టం పేరు మహాపరినిర్వాణం. ‘పరి’ అంటే ఇక్కడ పూర్తిగా అని. అమరావతి శిల్పాల్లో దానికి గుర్తు స్తూపం.

ఇక రెండో ప్రశ్న. సన్న్యాసం (రెండు న-లు ఉండాలి) అంటే వదిలిపెట్టడం. నిష్క్రమణం అంటే బయటికి అడుగువేయడం. సిద్ధార్థుడు 29వ ఏట కపిలవస్తు దాటిన ఆ ఒక్క ఘట్టానికే మహాభినిష్క్రమణం అని పేరు. భిక్షువుగా మారడాన్ని బౌద్ధులు ప్రవ్రజ్య అంటారు.

కాబట్టి ‘కుశీనగరంలో మహాపరినిర్వాణం చెందాడు’ అని రాయండి. 1956లో బౌద్ధం స్వీకరించిన అంబేడ్కర్ వర్ధంతి, డిసెంబరు 6, కూడా మహాపరినిర్వాణ దినమే. దాన్ని ‘మహానిర్యాణ దినం’ అని మార్చకండి.