ఫోన్‌లో 84, బోనెట్ కింద ఆవిరి

ఎండలు ముదిరాక నాకు వచ్చే సందేహాల్లో ఫోన్లకంటే కార్లవే ఎక్కువయ్యాయి. రాయగడ, కోరాపుట్, గుణుపురం, ఎక్కడినుంచి రాసినా అందరిదీ ఒకటే మాట. ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ కాగిపోతోంది, స్టీరింగ్ కింది సాకెట్‌కి తగిలిస్తే ఇంజిన్ అంకెలు ఫోన్‌కి పంపే బ్లూటూత్ డాంగిల్ మాత్రం అంతా బాగానే ఉందంటోంది. వాటిలో వివరంగా రాసిన ఉత్తరం ఒకటి తీసుకుంటాను.

సెమిలిగుడ పాఠకుడు: "సార్, మాది ఏడేళ్ల పెట్రోలు కారు. సాలూరు నుంచి వస్తుంటే సుంకి చేరేలోపే ఎర్ర లైటు వెలుగుతోంది. ఆన్‌లైన్‌లో చవగ్గా డాంగిల్ కొని ఫోన్‌కి కలిపాను. దాంట్లో ఇంజిన్ వేడి 84 డిగ్రీలే ఉంది. మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ చల్లబరిచే ద్రవాన్ని రేడియేటర్‌కి వదిలే వాల్వు) మార్చినా తగ్గలేదు. లైటు తప్పా, యాప్ తప్పా? పైగా యాప్ కాంటాక్టులు, ఎస్ఎంఎస్‌లు చూస్తానని అడుగుతోంది. ఇవ్వొచ్చా?"

చివరి ప్రశ్నకి ముందు జవాబు: ఇవ్వొద్దు. ఇచ్చి ఉంటే ఈ పూటే తీసేయండి. ఎందుకో కింద చెబుతాను. ఇక మొదటిదానికి: లైటునే నమ్మండి. ఎర్ర లైటు వెలిగాక ఫోన్ ఏ అంకె చూపించినా సరే, బండి పక్కకి తీసి ఇంజిన్ ఆపాల్సిందే.

ఆ 84 ఎలా వస్తుందో చెబుతాను. వేడి కొలిచే సెన్సర్ కూలెంట్‌లో, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవంలో, మునిగి ఉండాలి. ఎక్కడో లీకై కూలెంట్ తగ్గిపోతే, ఆ సెన్సర్ చుట్టూ మిగిలేది గాలి, ఆవిరి. అప్పుడు అది చెప్పే అంకెకి విలువ లేదు. ఒక క్షణం 84 అంటుంది, ఆవిరి తగిలితే ఒక్కసారి పైకి లేస్తుంది, మళ్లీ కిందికి వస్తుంది. పైకి లేచిన ఆ క్షణంలో లైటు వెలుగుతుంది. చవక డాంగిళ్లలో చాలావరకు నకిలీ చిప్పులే. అంకె ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి పాత అంకె దగ్గరే ఆగిపోతుంది. మీరు ఫోన్ చూసే సమయానికి అక్కడ ఉన్నది కాసేపటి కిందటి వేడి.

నిరుడు మే నెలలో మా బావగారి కారుకి ఇదే జరిగింది. పొట్టంగి ఇంకా చేరలేదు, ఏసీ చల్లదనం తగ్గింది, కాసేపటికి బోనెట్ అంచునుంచి ఆవిరి. నా చేతిలో ఫోన్, దాంట్లో 86. మా అక్క "ఫోన్ బాగుందంటోంది కదరా, ఇంకో రెండు కిలోమీటర్లు పోనీ" అంది. బండి ఆపించి ముప్పావుగంట కూర్చున్నాం. బైకు మీద వచ్చిన మెకానిక్ కుర్రాడు స్కానర్ తీయలేదు. మూత మీద తడిగుడ్డ వేసి నెమ్మదిగా తిప్పి, లోపలికి టార్చి వేసి "పాణి నాహి" అన్నాడు. నీళ్లు లేవు. కింది గొట్టం దగ్గర క్లిప్పు వదులై, రేడియేటర్ అడుగున ఆకుపచ్చ మరక ఎండి కనిపించింది. మూడు లీటర్లు పట్టింది.

కాబట్టి సెమిలిగుడ పాఠకుడు గారూ, మరో పార్టు మార్చే ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాలో గీత వరకు ఉందని వదిలేయొద్దు, మూత రబ్బరు పాడైతే డబ్బా నిండుగా ఉండి రేడియేటర్ ఖాళీగా ఉండొచ్చు. వేడి మీద మాత్రం మూత ముట్టుకోవద్దు. లోపలి ఒత్తిడి వల్లే కూలెంట్ 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత తీసిన క్షణంలో అది ఆవిరై మొహం మీదికి ఎగజిమ్ముతుంది. అదే మూత ఒత్తిడి పట్టకపోతే మన కొండల్లో ఇంకా కష్టం. కోరాపుట్ సుమారు 870 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. కుళాయి నీళ్లు పోసుకుని ఘాట్ ఎక్కేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

నీళ్లు సరిగానే ఉంటే, వేడి ఎప్పుడు పెరుగుతోందో చూడండి. జయపురం బజార్లో ఆగి ఆగి వెళ్తుంటే వేడెక్కి, రోడ్డెక్కగానే తగ్గితే అనుమానం ఫ్యాను మీద. ఫ్యూజు, రిలే, మోటారు చూపించండి. ఎక్కుడులోనే వేడెక్కితే రేడియేటర్ పూడిపోవడమో, వాటర్ పంపో కావచ్చు. ఇంకో పరీక్ష ఉంది. వేడెక్కడం మొదలవగానే ఏసీ ఆపి హీటర్ ఫుల్లుగా పెట్టండి. వేడిగాలి వస్తే ఇంజిన్‌కి కొంత ఊరట. చల్లగాలి వస్తే కూలెంట్ లేదనో, తిరగడం లేదనో అర్థం, వెంటనే ఆపేయండి. ఇవేవీ చూడకుండా థర్మోస్టాట్ మార్చేసి డబ్బు తీసుకోవడం నాకు నచ్చని పని.

ఇంత గందరగోళానికి కారణం డాంగిల్ ఒక్కటే కాదు. ఒకప్పుడు చాలా కార్లలో టెంపరేచర్ ముల్లు ఉండేది. మధ్యలోంచి కాస్త పైకి జరగ్గానే డ్రైవరు జాగ్రత్తపడేవాడు. ఇప్పుడు చాలా కార్లలో ముల్లు తీసేసి చల్లగా ఉంటే నీలం లైటు, కాగిపోతే ఎర్ర లైటు పెట్టారు. ఆ రెండింటి మధ్య ఏం జరుగుతోందో యజమానికి తెలిసే దారి లేదు. పలకంత తెర పెట్టి, వాల్‌పేపర్లు మార్చుకునే అప్‌డేట్లు పంపుతున్నారు. ఇంజిన్ వేడి అంకె ఆ కారు కంప్యూటర్‌లో ప్రతి క్షణం ఉంటూనే ఉంది. దాన్ని తెర మీద ఒక మూల చూపిస్తే చాలు. అది చూపించకపోవడం వల్లే జనం ఊరూ పేరూ లేని డాంగిళ్లు కొంటున్నారు. దీనికి నేను డిజైన్ చేసినవాళ్లనే తప్పుపడతాను.

ఇక నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టే విషయం. స్టీరింగ్ కింద ఉండే ఆ 16 పిన్నుల సాకెట్ కారు మొత్తానికి తలుపు. చాలా కార్లలో తాళం తీసేసినా దానికి కరెంటు వస్తూనే ఉంటుంది, అంటే డాంగిల్ రాత్రంతా మేలుకునే ఉంటుంది. చవక రకాలకి బ్లూటూత్ పిన్ 1234 లేదా 0000, మార్చుకునే వీలు ఉండదు. వైఫై రకాలు కొన్నింటికి పాస్‌వర్డే లేదు. పక్కన బండి ఆపుకున్నవాడు కూడా కలుపుకోవచ్చు. 2015లో అమెరికాలో పరిశోధకులు ఇలాంటి సాకెట్‌లో పెట్టే ఒక డాంగిల్‌కి ఎస్ఎంఎస్‌లు పంపి కారు బ్రేకుల మీద పట్టు సంపాదించి చూపించారు. అది సిమ్ ఉన్న రకం, మీ దగ్గరున్నది కాదు. కానీ తలుపు అదే. చూడాల్సింది చూసుకుని డాంగిల్ పీకేయండి, బ్యాటరీ కూడా దిగదు.

యాప్ ఇంకా ప్రమాదం. మీరు వాట్సాప్ గ్రూపులో వచ్చిన "ప్రో" ఏపీకే (ప్లే స్టోర్‌తో పని లేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు) వేసుకున్నారని ఉత్తరం చివర రాశారు. ఇంజిన్ వేడి చదవడానికి ఎస్ఎంఎస్‌లతో ఏం పని? మీ బ్యాంకు ఓటీపీ వచ్చేది అక్కడికే. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ అడగడం మామూలే. ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి "దగ్గరలోని పరికరాలు" అనే అనుమతి వేరుగా ఉంది. అంతకుమించి అడిగితే తీసేయండి. ఈ మధ్య ట్రాఫిక్ చలాన్ పేరుతో వస్తున్న ఏపీకేలదీ ఇదే దారి. ఖాతాలోంచి డబ్బు కదిలినట్టు అనిపిస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ చెప్పండి.

గుణుపురం పాఠకురాలు యాప్‌లో వేడి మైనస్ 40 చూపిస్తోందని, ఫ్యాను ఆగకుండా తిరుగుతోందని రాశారు. అమ్మా, ఆ అంకె ఒక బైటుగా, అంటే 0 నుంచి 255 లోపు సంఖ్యగా, వస్తుంది, అందులోంచి 40 తీసేస్తే డిగ్రీలు. మైనస్ 40 అంటే వచ్చినది సున్నా. సెన్సర్ వైరు తెగిందనో, ప్లగ్ ఊడిందనో గుర్తు. సెన్సర్ మాట అందకపోతే చాలా కార్లు జాగ్రత్త కోసం ఫ్యాను ఆపవు. ఎలుక కొరికిందేమో ముందు చూపించండి, కొత్త సెన్సర్ తర్వాత.

పర్లాకిమిడి నుంచి ఒకరు సెకండ్‌హ్యాండ్ కారు చూస్తున్నారట, స్కానర్‌లో ఒక్క ఎర్రర్ కోడ్ కూడా లేదని సంతోషంగా రాశారు. అదే యాప్‌లో "రెడీనెస్ మానిటర్లు" అనే పేజీ తెరవండి, కారు తనని తాను చేసుకునే పరీక్షలు పూర్తయ్యాయో లేదో అక్కడ ఉంటుంది. ఎక్కువ భాగం "పూర్తి కాలేదు" అని ఉంటే, ఇటీవలే కోడ్‌లు చెరిపేసి ఉండొచ్చు, లేదా బ్యాటరీ తీసి పెట్టి ఉండొచ్చు. అమ్మేవారిని ఆ మాట అడిగి, మీరే నడుపుతూ ఒకసారి ఘాట్ ఎక్కించి వచ్చాకే అడ్వాన్సు ఇవ్వండి.