బైబిలులోని ‘ఈర్’ అంటే ఎలాంటి ఊరు?

వందనాలండి. పాత నిబంధనలో ‘పట్టణము’ అని ఉన్నచోట హీబ్రూలో ‘ఈర్’ అనే మాట ఉందని మీరు విన్నారు. దానికి ‘మెలకువగా ఉండే చోటు’ అని అర్థం చెబుతున్నారు, నిజమేనా, మన ‘ఊరు’కూ దానికీ చుట్టరికం ఉందా అని అడిగారు. మా సంఘంలో చాలాకాలంగా బైబిలు తరగతి చెబుతున్నాను. అక్కడా ఈ ప్రశ్న తరచు వస్తూనే ఉంటుంది.

చుట్టరికం లేదండి. ఊరు ద్రావిడ పదం. తమిళ, కన్నడ, మలయాళాల్లోనూ ఉంది. ఈర్ సెమిటిక్ కుటుంబానికి చెందిన మాట. దాని మొదట్లో ఉన్నది మన అచ్చు ‘ఈ’ కాదు, గొంతు లోపలి నుంచి పలికే ‘అయిన్’ అనే హల్లు. బహువచనంలో ‘ఆరీమ్’ అవుతుంది.

‘మెలకువ’ సంగతి బైబిలులోని మాటలకు సంఖ్యలిచ్చి వివరించే స్ట్రాంగ్ నిఘంటువులో ఉంది. 5892 సంఖ్య కింద ఈ మాటను ‘మేలుకొను’ అనే ధాతువుతో ముడిపెట్టి, కావలి ఉండే చోటు అని వివరించారు. దాని మీద ప్రసంగం కట్టవద్దని నా మనవి. 127వ కీర్తన చూడండి: ‘యెహోవా పట్టణమును కాపాడనియెడల దాని కావలికాండ్రు మేలుకొని యుండుట వ్యర్థమే.’ పట్టణం, కావలి, మెలకువ మూడూ ఒకే వాక్యంలో ఉన్నాయి. అయినా అక్కడ మేలుకొనడానికి వాడిన క్రియ ‘షాకద్’, దాని ధాతువు వేరు. మాట అర్థం ధాతువులో వెతకడం కంటే అది ఎక్కడెక్కడ ఎలా వాడారో చూస్తేనే తేటపడుతుంది. ఈ మాట హీబ్రూ బైబిలులో వెయ్యికి పైగా సార్లు వస్తుంది కాబట్టి ఉదాహరణలకు కొదవ లేదు.

పరిమాణం విషయం నాకు బాగా అర్థమైంది ఇశ్రాయేలు దేశానికి వెళ్లి బెయేర్షెబా దిబ్బ మీద నడిచినప్పుడు. తవ్వకాల్లో బయటపడిన రాజుల కాలపు పట్టణం అది. మొత్తం విస్తీర్ణం సుమారు మూడెకరాలు! గుమ్మం బయట లోతైన బావి, గుమ్మానికి అటూ ఇటూ గదులు, లోపలికి వెళ్లగానే స్తంభాల వరుసలతో ధాన్యపు కొట్లు, గోడ వెంబడే చుట్టూ తిరిగే వీధి. బయటి వరుస ఇళ్ల వెనుక గదులే కోటగోడలో భాగం. నెమ్మదిగా నడిచినా కాసేపటికే మళ్లీ గుమ్మం దగ్గరికి వచ్చేస్తాం. యెహోషువ 15లో పేరున్న పట్టణమిది, కానీ మన పల్లెల్లో చాలా వాటికంటే చిన్నది.

మరి పల్లెకూ దీనికీ తేడా ఏమిటి? లేవీయకాండము 25లో చట్టపరమైన తేడా కనిపిస్తుంది. ప్రాకారమున్న ఊళ్లో ఇల్లు అమ్మితే ఏడాదిలోగా విడిపించుకోవాలి, లేకపోతే కొన్నవాడికే శాశ్వతం. ప్రాకారం లేని పల్లెలోని ఇంటిని మాత్రం పొలంతో సమానంగా లెక్కకట్టారు, యాభై ఏళ్లకోసారి వచ్చే సునాద సంవత్సరంలో అది అమ్మినవాడికి తిరిగి వచ్చేస్తుంది. అలాగని గోడ ఉంటేనే ఈర్ అనీ అనలేం, ద్వితీయోపదేశకాండము 3:5లో ప్రాకారాలు లేనివాటికీ అదే మాట వాడారు.

నాకు అన్నిటికంటే విలువైన చోటు 2 సమూయేలు 20. బిక్రి కుమారుడైన షెబ దావీదు రాజు మీద తిరుగుబాటు చేసి, ఉత్తరాన ఉన్న ఆబేలు బేత్మయకాలో దూరాడు. దావీదు సేనాధిపతి యోవాబు సైన్యం ముట్టడి దిబ్బ వేసి గోడ పడగొట్టే పనిలో ఉంది. అప్పుడు లోపలి నుంచి ఒక తెలివైన స్త్రీ యోవాబును పిలిచి, ఇశ్రాయేలులో ఒక ‘ఈర్ వఏమ్’ను చంపాలని చూస్తావా అని నిలదీసింది. ‘వఏమ్’ అంటే ‘తల్లిని కూడా’ అని. సంఖ్యాకాండము 21:25లో హెష్బోను అనే పట్టణం చుట్టుపక్కల ‘పల్లెలు’ అని మనం చదివేచోట హీబ్రూలో ఉన్నది ‘దాని కుమార్తెలు’. ఈ రెండూ కలిపి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. చుట్టూ పల్లెలు కూతుళ్లు, మధ్యలో ఈర్ తల్లి. వ్యాకరణంలో కూడా ఈ పదం స్త్రీలింగమే. దండు వస్తోందంటే పల్లెవాళ్లు పిల్లలతో, పశువులతో పరుగెత్తి వెళ్లేది ఆ గోడల లోపలికే. తగాదా వస్తే ఆ గుమ్మం దగ్గర కూర్చున్న పెద్దల ముందుకే. బోయజు రూతును పెండ్లాడే విషయం తేల్చుకున్నది అలాంటి గుమ్మంలోనే.

కాబట్టి బేత్లెహేము వంటి చోట్ల మనసులో ‘ఊరు’ అనుకుని చదవండి. సంబంధం లేని మాటే అయినా, భావం దానిలోనే బాగా ఒదుగుతుంది. రూతు అత్త నయోమి బేత్లెహేముకు తిరిగి వచ్చినప్పుడు కదిలింది ‘కొల్ హాఈర్’ అంటుంది హీబ్రూ, అచ్చంగా మనం ‘ఊరంతా’ అన్నట్టే. అష్షూరువారి నీనెవె దగ్గర మాత్రం ‘మహా పట్టణము’ అలాగే ఉండాలి. లక్షా ఇరవై వేలకు పైగా జనం ఉన్న చోటు గురించి చెప్పడానికి ఈర్ ఒక్కటే చాలదు కాబట్టే యోనా గ్రంథం దానికి ‘గెదోలా’, అంటే పెద్దది, అనే విశేషణం చేర్చింది.