ఇల్లు పోకముందే ఆదుకోవాలంటే సంస్థలు ఎలా కలిసి పనిచేయాలి?

ఇల్లు లేనివాళ్లకు సాయం చేసే సంస్థలు ఎన్నో ఉన్నా, వాటిని కలిపేదెలా అన్నది ప్రశ్న. ఇంగ్లండ్‌లో ఇందుకోసం చట్టమే తెచ్చారు. 2017లో చేసిన హోమ్‌లెస్‌నెస్ రిడక్షన్ యాక్ట్ 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం 56 రోజుల్లోపు ఇల్లు పోయే ప్రమాదం ఉన్నవాళ్లకు కూడా కౌన్సిల్, అంటే స్థానిక పాలనా సంస్థ, సాయం చేయాలి. రోడ్డున పడ్డాక చూద్దాం అంటే కుదరదు.

మరి ఆ సంగతి కౌన్సిల్‌కు తెలిసేదెలా? అందుకే 2018 అక్టోబర్ నుంచి జైళ్లు, ఆసుపత్రులు, ఉపాధి కేంద్రాల వంటి వాటికి ఒక బాధ్యత పెట్టారు. అలాంటి మనిషి తమ దగ్గరికొస్తే, ఆయన ఒప్పుకున్నాక, ఆయన కోరిన కౌన్సిల్‌కు వివరాలు పంపాలి. కాలు విరిగి వార్డులో చేరిన మనిషిని "ఇక్కణ్ణుంచి ఎక్కడికెళ్తారు?" అని మొదటి రోజే అడిగితే ఏదో దారి వెతకొచ్చు. డిశ్చార్జ్ కాగితం చేతిలో పెడుతూ అడిగితే టైం ఉండదు. నా ఉద్దేశంలో ఈ పద్ధతికి ప్రాణం ఆ ఒక్క ప్రశ్నే.

వివరాలు పంపితే సరిపోదు, అద్దె భరించగలిగే ఇళ్లూ ఉండాలి. ఇంకో లోటు, అలా వివరాలు పంపాల్సిన సంస్థల జాబితాలో పోలీసులను చేర్చకపోవడం. రాత్రిపూట ఫుట్‌పాత్‌ల మీద పడుకున్నవాళ్లు తరచూ కనబడేది వాళ్లకే కదా.