స్ట్రెంగ్త్ ఎక్కువన్న విడియా బిట్ రాయి మీద ఎందుకు చిట్లుతోంది?

ప్రశ్న: మాది చీమకుర్తి దగ్గర గెలాక్సీ గ్రానైట్ క్వారీ, డ్రిల్లింగ్ పని నేను చూసుకుంటాను. ఈమధ్య ఒక డీలర్ కొత్తరకం విడియా బిట్లు ఇచ్చాడు. వెనేడియం కలిపారట, రేణువు సన్నమట, స్ట్రెంగ్త్ పాతవాటికంటే ఎక్కువని కాగితం కూడా చూపించాడు. తీరా వాడితే అరగడం తక్కువే గానీ టిప్ అంచులు పెచ్చులుగా ఊడిపోతున్నాయి. కాగితం అబద్ధమా, మావాళ్లు కొట్టే తీరు తప్పా?

జవాబు: రెండూ కాకపోవచ్చండీ. ఆ గ్రేడు మీ పని కోసం చేసింది కాదు, అదీ సంగతి.

విడియా అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ పొడినీ కోబాల్ట్ పొడినీ కలిపి, అచ్చులో నొక్కి, దాదాపు 1400 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చిన ముద్ద. 1923లో జర్మనీలో కార్ల్ ష్రోటర్ కనిపెట్టిన పద్ధతే మూలంలో ఇప్పటికీ నడుస్తోంది. ఆ వేడికి కోబాల్ట్ కరిగి రేణువుల సందుల్లోకి పాకుతుంది, ముద్ద బాగా కుదించుకుపోతుంది. అయితే అక్కడితో ఆగదు, చిన్న రేణువులు కోబాల్ట్‌లో కరిగి, ఆ సరుకంతా పాకంలో పటికబెల్లం పెరిగినట్టు పెద్ద రేణువుల మీద పేరుకుంటుంది. దాన్ని ఆపడానికే వెనేడియం కార్బైడో క్రోమియం కార్బైడో, సాధారణంగా బరువులో ఒక శాతం లోపే కలుపుతారు. ఈ పనిలో వెనేడియానిదే పైచేయి, రేణువుకీ కోబాల్ట్‌కీ మధ్య కొన్ని పరమాణువుల మందాన పొరలా పట్టేసి పెరగనివ్వదు. క్రోమియం ఎక్కువగా కోబాల్ట్‌లోనే కలిసిపోయి తుప్పు నుంచి కూడా కాపాడుతుంది.

రేణువు సన్నమైతే గట్టిదనం పెరుగుతుంది, అరుగుదల తగ్గుతుంది. మీరు చూసింది అదే. మరి స్ట్రెంగ్త్ నంబరు? చిన్న కడ్డీని రెండు ఆధారాల మీద పెట్టి మధ్యలో నెమ్మదిగా నొక్కి విరగ్గొడతారు, ఎంత ఒత్తిడికి విరిగిందో అదే ఆ నంబరు, దీన్నే బెండింగ్ బలం అంటారు. సన్నరేణువు ముద్ద శుభ్రంగా కాలితే లోపల పెద్ద లోపాలుండవు, పగులు మొదలవడమే కష్టం, కాబట్టి నంబరు ఘనంగా వస్తుంది. కానీ జాక్‌హ్యామర్ కింద నిమిషానికి రెండు వేల దెబ్బలు పడుతుంటే ఎక్కడో ఒకచోట పగులు మొదలవక మానదు, అక్కడ కావాల్సింది మొదలైన పగులు ముందుకు సాగకుండా ఆపే గుణం. ముతక రేణువుల మధ్య కోబాల్ట్ పొర మందంగా ఉంటుంది, పగులు ఆ పొరను సాగదీసుకుంటూ, రేణువుల చుట్టూ వంకర్లు తిరుగుతూ పోవాలి, అంతలో దాని శక్తి అయిపోతుంది. సన్నరేణువుల మధ్య పొర పలచన, పగులు దాదాపు తిన్నగా పోతుంది. మీ కాగితంలో ఈ రెండో గుణం గురించి ఒక్క ముక్కైనా ఉందేమో చూడండి.

వెనేడియం మోతాదు మించితే ఇంకా కష్టం. మిగులు పెళుసు కార్బైడ్‌గా సందుల్లో చేరి, ఆ బెండింగ్ నంబరు కూడా పడిపోతుంది. కార్బన్ లెక్కా అంతే. టంగ్‌స్టన్ కార్బైడ్‌లో అది 6.13 శాతం ఉండాలి, కాస్త తగ్గితే ఈటా ఫేజ్ అనే పెళుసు పదార్థం పుడుతుంది, పెరిగితే గ్రాఫైట్ మచ్చలు పడతాయి. టిప్‌ని విరగ్గొట్టకుండానే అయస్కాంత పరీక్షలతో రేణువు సైజునీ కార్బన్ లెక్కనీ అంచనా వేయొచ్చు, మంచి తయారీదారులందరూ చేసే పనే. డీలర్‌ని ఆ రిపోర్టు అడగండి.

ఇంకో మాట. గెలాక్సీ వ్యాపారంలో గ్రానైట్ గానీ, రాయి జాతి గాబ్రో, ఆ మెరుపులు బ్రాంజైట్ అనే ఖనిజానివి. క్వార్ట్జ్ తక్కువ కాబట్టి టిప్‌ని మామూలు గ్రానైట్ అంతగా అరగదీయదు. అరుగుదల పెద్ద సమస్య కానిచోట దానికోసం దెబ్బ తట్టుకునే గుణాన్ని వదులుకోవడం దండగ. ముతక రేణువు, అదనపు కార్బైడ్లు లేని మామూలు రాక్ గ్రేడు తీసుకోండి. టిప్ సరిగా అరగని రాళ్లలో దాని పైన స్నేక్ స్కిన్ అనే సన్నపగుళ్ల వల కూడా వస్తుంది. టిప్ కడిగి భూతద్దంతో చూడండి, కనిపిస్తే అరక్కపోయినా సరే సానపట్టి ఆ పొర తీసేయాలి, లేదంటే పెచ్చు అక్కడినుంచే లేస్తుంది. సానపట్టేటప్పుడు వేడెక్కిన టిప్ మీద ఒక్కసారిగా నీళ్లు పోయనివ్వకండి, పగులుతుంది.

ప్రశ్న: నెల్లూరులో మాకు లేత్ వర్క్‌షాప్ ఉంది. స్టీల్ కోసే టిప్పుల్లో టైటానియం, టాంటాలం ఉంటాయంటారు, అవీ రేణువుని ఆపడానికేనా?

జవాబు: కొంతవరకే, వాటి అసలు పని వేరు. వేడి స్టీల్ చిప్ టిప్ మీద జారుతూ టంగ్‌స్టన్ కార్బైడ్‌ని తనలో కరిగించుకుని పోతుంది, పైన గుంట పడుతుంది. టైటానియం కార్బైడ్ అంత తేలిగ్గా కరగదు, కాకపోతే అది పెరిగేకొద్దీ బెండింగ్ బలం తగ్గుతుంది. టాంటాలం వేడిలో కూడా గట్టిదనం నిలబెడుతుంది. అందుకే స్టీల్‌కి ఇవి కలిపిన నీలం గుర్తు పీ గ్రేడు, పోత ఇనుముకి ఇవి దాదాపు లేని ఎరుపు గుర్తు కే గ్రేడు. కీవే, అంటే పొడవాటి గాడి, ఉన్న షాఫ్టు తిప్పుతుంటే టిప్‌కి దెబ్బలు తగులుతాయి కాబట్టి పీ10 కాకుండా దెబ్బ ఎక్కువ తట్టుకునే పీ30 వైపు చూడండి.