సైకిల్ దిగాక

చిరంజీవి చిన్నాకి,

మావయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. ముప్పై మూడేళ్లకే సైకిల్ రేసులు మానేసి కోచ్ అవుతున్నావని అమ్మ దిగులు పడుతోందని రాశావు. అక్కతో నేను మాట్లాడతాలే.

ముందు పటియాలా వెళ్లి కోచింగ్ డిప్లొమా చేయాలా, నేరుగా పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాలా అని అడిగావు. వెళ్లు. చేతిలో ఆ కాగితం ఉంటే నయం. అందులో ఆలోచించేదేం లేదు. నా భయం వేరే. నువ్వు బాగా తొక్కేవాడివి. అదే నా భయం.

నేను కోచింగ్ మొదలుపెట్టిన ఏడాది ఒక పదహారేళ్ల కుర్రాడు వచ్చాడు. పొట్టివాడు, బక్కపలచని మనిషి, ఘాట్ రోడ్డు మీద పిట్టలా పోయేవాడు. నేనేమో బండమనిషిని. పెద్ద గేరు, అంటే తొక్కడానికి బరువైనా ఒక్కో చుట్టుకి ఎక్కువ దూరం పోయే గేరు వేసి, కాచుకుని ఉండి, ఆఖరి రెండొందల మీటర్లలో గెలిచేవాణ్ని. నాకు పనికొచ్చింది కదా అని వాడికీ అదే పెద్ద గేరు, నేను వాడిన 172.5 మిల్లీమీటర్ల క్రాంకే (పెడల్ బిగించే కడ్డీ) పెట్టాను. నాలుగు నెలలకి మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలైంది. చెప్పడానికి వాడికి భయం. నేను వాడి టైము చూశాను గానీ ముఖం చూడలేదు. ఆ సీజనంతా పోయింది, తర్వాత సైకిలే మానేశాడు. ఇప్పటికీ ఎక్కడైనా కనబడితే ‘నమస్తే సార్’ అని నవ్వుతాడు. నాకే తలెత్తి చూడబుద్ధి కాదు.

అప్పట్లో జూనియర్లకి గేరు హద్దు ఉండేది. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ 7.93 మీటర్లకి మించి పోకూడదు. రేసులో కొలుస్తారు గనక ఆ రోజు మాత్రం చిన్న గేరు, మిగతా రోజులు నా ఇష్టారాజ్యం. 2023లో అంతర్జాతీయ సమాఖ్య ఆ హద్దు కూడా ఎత్తేసింది. ఇక పిల్లల్ని ఆపాల్సింది నువ్వే. నిమిషానికి 90 చుట్లు సాఫీగా తిప్పడం వచ్చాకే పెద్ద గేరు సంగతి.

సిరిల్ గిమార్ గురించి నీకెప్పుడైనా చెప్పానా? ఫ్రాన్స్ రైడర్, మంచి స్ప్రింటర్. 1972 టూర్ ద ఫ్రాన్స్‌లో ఎడ్డీ మెర్క్స్ అంతటివాడికి చెమటలు పట్టించాడు. మోకాళ్లు మొరాయించి, ఇంకో రెండు రోజుల్లో రేసు ముగిసే పారిస్ అనగా దిగిపోయాడు. 1976లో ఇరవై తొమ్మిదేళ్లకే టీమ్ డైరెక్టర్ అయ్యాడు. అతని చేతికొచ్చినవాడు లూసియెన్ వాన్ ఇంప్, బెల్జియం మనిషి, కొండలెక్కడంలో మొనగాడు. ఆ ఏడాది టూర్‌లో, పిరనీస్ పర్వతాల్లోని ప్లా దాదే దాకా సాగే స్టేజీ (ఒక రోజు రేసు) నాడు, ఆఖరి కొండ ఇంకా ఎంతో దూరముండగానే దూసుకుపొమ్మని గిమార్ పట్టుబట్టాడు. వాన్ ఇంప్ వెనకాడాడు, కానీ చివరికి వెళ్లాడు. మూడు నిమిషాలకు పైగా తేడాతో స్టేజీ గెలిచి, మొత్తం రేసులో ముందున్నవాడు వేసుకునే పసుపు జెర్సీ వేసుకుని, పారిస్ దాకా విప్పలేదు. గిమార్ తన కాళ్లతో ఆలోచించి ఉంటే ‘ఆఖరి దాకా ఆగు’ అనేవాడు. స్ప్రింటర్లం మేం చేసేది అదే.

ఆ మరుసటి ఏడాది గిమార్ చేసింది నాకు ఇంకా నచ్చుతుంది. అతని టీములోని కుర్రాడు బెర్నార్ ఇనోకి అప్పుడు 22 ఏళ్లు. లీజ్, డోఫినే అనే పెద్ద రేసులు రెండూ గెలిచి మంచి ఊపు మీదున్నాడు. అయినా 1977 టూర్‌కి పంపలేదు. 1978లో పంపితే మొదటిసారే గెలిచాడు. ‘మావాణ్ని నేషనల్స్‌కి ఎప్పుడు పంపుతారు సార్’ అని నిన్ను తండ్రులు మొదటి వారమే అడుగుతారు. వాళ్లకి ఇనో కథ చెప్పు. వినరు, అది వేరే సంగతి.

ఆ ఇనోనే తర్వాత గిమార్‌తో పడక వేరే టీముకి పోయాడు. నీ పిల్లలూ పోతారు. ఆ రాత్రి అన్నం సహించదు. నాకూ సహించలేదు.

తొక్కే బలాన్ని కొలిచే పవర్ మీటర్ గురించి నాకన్నా నీకే ఎక్కువ తెలుసు. అంకెలు చూడు, రాత్రి నిద్ర పట్టిందా అని కూడా అడుగు. ఆడపిల్లల బరువు మాట నలుగురిలో ఎత్తకు. ఎవరో ఇచ్చిన పొడి ఏదీ తాగొద్దని మొదటి రోజే చెప్పు. డోప్ పరీక్షలో దొరికాక ‘తెలియక తాగాను’ అంటే వదిలేయరు.

ఈ ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి పిల్లల్ని తీసుకుని వికారాబాద్ అనంతగిరి వైపు వెళ్తున్నాను. నువ్వూ రా. సైకిల్ మాత్రం తేకు, స్కూటర్ మీద వాళ్ల వెనకాలే నడుపు. ఒకమ్మాయికి సీటు ఎత్తు ఎక్కువైందేమోనని నా అనుమానం, తొక్కుతుంటే నడుము అటూ ఇటూ ఊగుతోంది. నువ్వు కూడా చూసి చెప్పు.

ఇట్లు,
నీ మావయ్య